ఉరుసు లేని సమాధి: సత్‌ఘరాలో మీర్ చాకర్ రింద్ (ప్రసంగ పాఠం)

అందరికీ నమస్కారం.

పాకిస్తాన్ పంజాబ్‌లో ఒకారా జిల్లా ఉంది. ఆ జిల్లాలో, రావి నది ఒకప్పుడు ఒరుసుకుంటూ పారిన ఎత్తు గట్టు మీద సత్‌ఘరా అనే ఊరు. ఆ ఊళ్లో ఎనిమిది పలకల ఇటుక సమాధి ఒకటుంది. బలోచ్‌లు తమ జాతి మొత్తానికి పెద్దదిక్కుగా చెప్పుకునే మీర్ చాకర్ ఖాన్ రింద్ అక్కడే ఉన్నాడని నమ్మకం. దశాబ్దాలుగా దాని ఫోటోలలో కనిపించేది ఒకటే దృశ్యం: పైన గుమ్మటం లేదు, కింద ఇటుక పొడి రాలుతోంది, చుట్టూ ఊరు పెరిగిపోయింది.

ఈయన పేరుతో సిబీలో ఒక విశ్వవిద్యాలయం, డేరా ఘాజీ ఖాన్‌లో ఒక సాంకేతిక విశ్వవిద్యాలయం ఉన్నాయి. పేరు మీద అంత మమకారం ఉన్నప్పుడు సమాధి ఎందుకు ఇలా అయింది? "కాలం" అని ఒక్క ముక్కలో తేల్చేస్తారు చాలామంది. నేను ఒప్పుకోను. ఇటుకను కాలం తినదు. నీళ్లు తింటాయి, ఉప్పు తింటుంది, తప్పుడు మరమ్మతు తింటుంది. ఈ మూడింటినీ వేళకు చూసుకునే మనిషి లేకపోవడం వాటికి ముందు వచ్చే జబ్బు. ముందు మనిషి సంగతి, తర్వాత ఇటుక సంగతి చెబుతాను.

చాకర్ పుట్టింది మక్రాన్ వైపు కోల్వాలో అంటారు. తండ్రి మీర్ షైహక్. పుస్తకాల్లో ఎక్కువగా కనిపించే సంవత్సరాలు 1468, 1565. ఇవి సంప్రదాయం ఇచ్చిన లెక్కలు, శాసనం ఇచ్చినవి కావు. రింద్ తెగ సిబీలో స్థిరపడింది. బోలాన్ కనుమ దిగగానే వచ్చే మైదానం అది, ఆ ఉపఖండంలోనే మహా వేడి ఊళ్లలో ఒకటి. అక్కడి పాడుబడ్డ మట్టికోటను ఇప్పటికీ చాకర్ కోట అనే పిలుస్తారు.

రిందులకూ, మరో బలోచ్ తెగ లాషారీలకూ ముప్పై ఏళ్ల యుద్ధం జరిగిందని బలోచ్ పాటలు. యుద్ధానికి మూలం ఏమిటో వింటే మీకు కారెంపూడి గుర్తొస్తుంది. పల్నాటి యుద్ధానికి కోడిపందెం, ఇక్కడ గుర్రప్పందెం. గోహర్ అనే స్త్రీ, ఒంటెల మందలున్న సంపన్నురాలు, చాకర్ శరణులో ఉంటోంది. శరణు కోరి వచ్చినవాళ్లను బలోచ్‌లు బాహోట్ అంటారు. బాహోట్ మీద చెయ్యి పడితే ఆశ్రయమిచ్చినవాడి గడ్డం మీద చెయ్యి పడ్డట్టే. పందెంలో తగవు వచ్చి, లాషారీ కుర్రాళ్లు తిరిగి వెళ్తూ ఆమె ఒంటె పిల్లలను చంపేశారు. ఈ సంగతి చాకర్‌కు ఎవరూ వచ్చి చెప్పలేదు. మేత నుంచి తిరిగొచ్చిన తల్లి ఒంటెల పొదుగుల నుంచి పాలు వాటంతట అవే కారిపోతుంటే చూసి, "పిల్లలేవీ?" అని అడిగాడట. ఈ పాటలను లాంగ్‌వర్త్ డేమ్స్ అనే ఆంగ్లేయ అధికారి సేకరించి 1907లో అచ్చువేయించాడు. ఆ కారుతున్న పాలు నాకు ఆ పాటలన్నిట్లోకీ నమ్మదగిన వివరంగా తోస్తుంది. తక్కిన అంకెలన్నీ పాడేవాడి గొంతుతో పాటు పెరుగుతాయి గాని, పొదుగు సంగతి పశువులు కాసినవాళ్లకే తడుతుంది.

యుద్ధం రెండు తెగలనూ పిప్పి చేసింది. లాషారీల సర్దారు గ్వహ్రామ్ ఒక దిక్కుకు, చాకర్ ఇంకో దిక్కుకు. చాకర్ పదహారో శతాబ్దం మొదటి భాగంలో పంజాబ్ చేరి సత్‌ఘరాలో కుదురుకున్నాడు.

ఇక్కడి నుంచి రెండు కథలున్నాయి. బలోచ్ సంప్రదాయం ప్రకారం మొఘల్ చక్రవర్తి హుమాయూన్‌ను తరిమేసి ఢిల్లీ గద్దెనెక్కిన షేర్ షా సూరికి చాకర్ తల వంచలేదు. హుమాయూన్ తిరిగొచ్చినప్పుడు అతని పక్షాన ఢిల్లీ దాకా వెళ్లాడు. అక్బర్ కాలంలో రాసిన అబ్బాస్ సర్వానీ చరిత్రలో కనిపించేది వేరే చాకర్. షేర్ షా తరఫున పంజాబ్‌ను ఏలుతున్న హైబత్ ఖాన్ నియాజీ, 1543 ప్రాంతంలో ఫతే ఖాన్ జాట్ అనే తిరుగుబాటుదారుణ్ణి పట్టడానికి బయల్దేరి, ముందు కబురు గట్టిగా అందకుండానే సత్‌ఘరా మీదికొచ్చేశాడు. సేనా సిద్ధం కాలేదు, విందూ సిద్ధం కాలేదని చాకర్ కంగారు పడ్డాడు. ఎదురెళ్లి కలిస్తే, "నీ సేన లెక్క దీపాల్‌పూర్‌లో చూస్తాను, ఇక్కడ ఆగితే ఫతే ఖాన్ తప్పించుకుంటాడు" అన్నాడట హైబత్ ఖాన్. పారశీకంలో చాకర్ అంటే కొలువు చేసేవాడు. మన "నౌకర్లు చాకర్లు" లోని మాట అదే. ఎవరికీ చాకిరీ చేయలేదని పాట, చేశాడని చరిత్ర. (సభలో నవ్వులు)

ఏది నిజం? బ్రిటిష్ గెజెటీరు వాళ్లు కూడా రెండూ పక్కపక్కనే రాసి ఊరుకున్నారు. హుమాయూన్ సర్‌హింద్ దగ్గర గెలిచింది 1555 జూన్‌లో, ఢిల్లీలో అడుగుపెట్టింది ఆ జూలైలో. 1468 లెక్క సరైనదైతే అప్పటికి చాకర్‌కు 87 ఏళ్లు. ఢిల్లీకి సేనను నడిపింది కొడుకు మీర్ షాహ్‌దాద్ అని కొందరు చెప్పడానికి కారణం అదే అయుండాలి. రెండు కథలూ ఒప్పుకునే విషయం మాత్రం ఒకటుంది: ఆ మనిషి ఉన్నది సత్‌ఘరాలో. సమాధి అక్కడ ఉండటంలో వింతేమీ లేదు.

ఒక పక్క ముచ్చట చెప్పి ముందుకు వెళ్తాను. బలోచిస్తాన్‌లో కలాత్ చుట్టుపక్కల బ్రాహుయీ అనే భాష ఉంది. తెలుగుతో పాటు అదీ ద్రావిడ కుటుంబంలోదే. వాళ్లు కన్నును ఖన్ అంటారు, "నువ్వు" అనడానికి నీ అంటారు, రెండును ఇరట్ అంటారు. రిందులు కలాత్ మీద పడి మీర్ ఉమర్ అనే మిర్వారీ వంశపు బ్రాహుయీ పాలకుణ్ణి చంపారనీ, తర్వాత అతని కొడుకు బిజార్ ఊరిని తిరిగి పట్టుకున్నాడనీ ఆ వైపు సంప్రదాయం. అంటే మన భాషకు దూరపు చుట్టాలైన వాళ్ల జ్ఞాపకంలో చాకర్ పక్షం దండెత్తి వచ్చిన పక్షం. జాతి మొత్తానికీ ఒకడే వీరుడు అనేటప్పుడు ఈ పక్క గొంతునూ వినాలి.

ఇప్పుడు ఊరు. సత్‌ఘరా అదే జిల్లాలోని గోగేరా అనే పాత ఊరికి తూర్పున 13 మైళ్లు. చుట్టూ పాత దిబ్బలు, వాటిలో కుషాణుల నాటి నాణేలు దొరికాయి. చాకర్ వచ్చి పెట్టిన ఊరు కాదది, అంతకు పద్నాలుగు పదిహేను వందల ఏళ్ల ముందే అక్కడ జనం ఉన్నారు. ఈ ప్రాంతపు దిబ్బలకు ఒక శాపం ఉంది, కాల్చిన ఇటుక. అటు సాహివాల్ దాటితే హరప్పా. లాహోర్–ముల్తాన్ రైలుమార్గం వేసేటప్పుడు గుత్తేదార్లు హరప్పా ఇటుకలనే తవ్వి పట్టాల కింద కంకరగా పోశారు. నాలుగు వేల ఏళ్ల ఇటుకకే దిక్కులేని చోట నాలుగు వందల యాభై ఏళ్ల ఇటుకకు ఏం మర్యాద ఉంటుంది? సత్‌ఘరాలోని పాత కోటగోడ అంటే ఊరికి తయారుగా ఉన్న ఇటుకల బట్టీ. ఒక వరుస కదిలితే చాలు, పక్కది చేత్తో ఊడొస్తుంది.

ఆ ఊడొచ్చే ఇటుకను కాస్త దగ్గరగా చూద్దాం. మొఘల్ కాలపు పంజాబ్ ఇటుక పలచన. మందం అంగుళం, అంగుళంన్నర. పొడవు వెడల్పులు అరచేతిలో ఇమిడేంత. దాన్ని లఖౌరీ అనీ, కొన్నిచోట్ల నానక్‌షాహీ అనీ అంటారు. బ్రిటిష్ వాళ్లు తెచ్చింది 9 అంగుళాల పొడవు, 3 అంగుళాల మందం ఇటుక. పాత గోడ ముందు నిలబడి అడుగు ఎత్తులో ఎన్ని వరుసలున్నాయో లెక్కపెట్టండి. పలచని ఇటుకలైతే సున్నం సందులతో కలిపి ఏడెనిమిది వరుసలు వస్తాయి. నాలుగే వచ్చాయంటే అది గత నూట యాభై ఏళ్లలో ఎవరో కట్టిన అతుకు. ఈ లెక్క చేయకుండా పరంజా ఎక్కిన ఇంజినీరును నమ్మకూడదు.

ఎనిమిది పలకలు ఎందుకు? గుమ్మటం గుండ్రం, గది చతురస్రం అయితే నాలుగు మూలలూ ఖాళీగా మిగులుతాయి. ఆ మూలల్లో కమాన్లు వేసి ఎనిమిది చేయాలి, ఎనిమిదిని పదహారు చేయాలి, అప్పుడు గుండ్రం కూర్చుంటుంది. గదినే ఎనిమిది పలకలుగా కడితే మొదటి మెట్టు తప్పిపోతుంది, బరువు ఎనిమిది గోడల మీద సమంగా దిగుతుంది. ముల్తాన్‌లో సూఫీ గురువు రుక్నే ఆలం సమాధి పద్నాలుగో శతాబ్దంలోనే ఈ పద్ధతిని శిఖరానికి తీసుకెళ్లింది. డేరా ఘాజీ ఖాన్ వైపు మిర్రానీ బలోచ్ సర్దారు ఘాజీ ఖాన్ సమాధి కూడా ఆ ముల్తానీ ఒరవడిలోదే. సింధు నది 1908 తర్వాత ఆ పాత పట్నాన్ని మింగేస్తే జనం పడమరగా కొత్త ఊరు కట్టుకున్నారు, సమాధి మాత్రం వెనకే మిగిలిపోయింది. బలోచ్ సర్దార్ల సమాధులన్నీ ఇలా ఉండవు సుమా. కరాచీ పక్కన చౌఖండీలో జోఖియోలు, కల్మతీ బలోచ్‌లు ఇసుకరాతిలో చెక్కించుకున్నారు, మగవాళ్ల సమాధి మీద తలపాగా, గుర్రం, కత్తి, ఆడవాళ్ల సమాధి మీద నగలు. ఆ రాయి చూస్తే ఎవరిదో పోల్చుకోవచ్చు. ఇటుక సమాధికి ఆ అదృష్టం లేదు. పూత రాలిందంటే ఊరూ పేరూ రాలిపోతాయి.

గుమ్మటం ఎలా పోయింది? పంజాబ్‌లో కప్పు లేని ప్రతి సమాధికీ "సిక్కుల కాలంలో పడగొట్టారు" అనే మాట తగిలిస్తారు. లాహోర్‌లో ఆసఫ్ ఖాన్ సమాధి చలువరాయి రంజిత్ సింగ్ కాలంలో ఊడదీసిన మాట నిజమే. దాన్ని బట్టి ప్రతి పల్లెలోని ప్రతి గుమ్మటానికీ అదే కారణం అనుకోవడం బద్ధకం. ఒక్క రావి మొక్క చాలు. (నవ్వులు) అవును, రావి ఒడ్డున రావి మొక్క. పిట్ట రెట్టలో గింజ పడుతుంది, గుమ్మటం మెడ దగ్గర సందులో మొలుస్తుంది, పదేళ్లకు వేరు బొటనవేలంత లావవుతుంది. గుమ్మటం తన బరువుతో కింది అంచును బయటికి తోస్తూనే ఉంటుంది. అంచులో వేరు పగులు తెస్తే నీళ్లు దిగుతాయి. ఇంక అది పడే రోజు ఏ వానకాలమన్నదే ప్రశ్న.

గుమ్మటం పడ్డాక అసలు నష్టం మొదలవుతుంది. అప్పటి మందపు గోడల్లో సాధారణంగా రెండు వైపులా మంచి ఇటుక కట్టు, మధ్యలో ఇటుక ముక్కలు, మట్టి, సున్నం కలిపిన నింపుడు. పైన కప్పు ఉన్నంతకాలం ఆ నింపుడు పొడిగా ఉంటుంది. కప్పు పోతే గోడ తల తెరిచిన కుండ అవుతుంది. వాన నీరు నేరుగా లోపలికి దిగి, నింపుడు ఉబ్బి, కొంత కిందికి జారి, గోడ మధ్యలో పొట్ట పెడుతుంది. బయటి కట్టు ఒక్కటే నిలబడి ఉంటుంది, చూడ్డానికి బాగానే ఉంటుంది. చేత్తో తడితే డొల్ల శబ్దం వస్తుంది.

కింది నుంచి ఇంకో శత్రువు. లోయర్ బారీ దోఆబ్ కాలువ 1913లో తెరిచారు. అంతకు ముందు ఈ నేల బార్, అంటే ముళ్లపొదల బీడు. కాలువ వచ్చాక గోధుమ, పత్తి, చెరకు, ఆలుగడ్డ వచ్చాయి. పంజాబ్ కాలువల కింద చాలా మేర భూగర్భజలం పైకి లేచింది, దానితో పాటు నేలలో నిద్రపోతున్న ఉప్పూ లేచింది. అక్కడ దాన్ని కల్లర్ అంటారు, మనం చౌడు అంటాం. ఇటుక సన్నని గొట్టాల కట్టలాంటిది. నేలలో తడిని పీల్చి మీటరు, మీటరున్నర దాకా ఎక్కిస్తుంది. నీరు గోడ మీంచి ఆరిపోతుంది, ఉప్పు ఆగిపోతుంది. ఎక్కువగా నష్టం చేసేది సోడియం సల్ఫేటు. 32 డిగ్రీల లోపు చల్లబడి తడి తగిలితే ఒక్కో అణువు పది నీటి అణువులను పట్టుకుని మూడింతలకు ఉబ్బుతుంది. ఎండెక్కితే నీళ్లు వదిలేసి పొడైపోతుంది. ఒకారాలో ఏడాదిలో ఎన్ని రోజులు మధ్యాహ్నం 32 దాటి రాత్రి కిందికి వస్తుందో లెక్కేసుకోండి. ప్రతిరాత్రీ ఇటుక రంధ్రాల్లో చిన్న చిన్న ఉలులు కొట్టినట్టే. మోహెంజొదారో గోడలు రాలుతున్నదీ ఈ ఉప్పుకే. అందుకే మోకాలి ఎత్తు నుంచి నడుము ఎత్తు వరకు ఇటుక పిండిలా రాలుతుంది, దాని పైనా కిందా గట్టిగా ఉంటుంది. తెలియనివాళ్లు పిల్లలు గీకారనుకుంటారు.

అప్పుడు ఎవరో పుణ్యాత్ముడు వస్తాడు, సిమెంటు బస్తా తెస్తాడు. నిజాయతీగా, ప్రేమతో తెస్తాడు. అదే తంటా. సిమెంటు పూత తడిని బయటికి పోనివ్వదు. మీటరు ఎత్తులో ఆరిపోవాల్సిన నీరు పూత వెనకే ఎక్కి, పూత అయిపోయిన చోట, రెండు మీటర్ల దగ్గర బయటపడుతుంది. అక్కడ దాకా ఆరోగ్యంగా ఉన్న ఇటుకకు జబ్బు పాకుతుంది. పైగా సిమెంటులోనే సల్ఫేటు ఉప్పులు కొంత ఉంటాయి. పూత ఊడినప్పుడు ఒట్టిగా ఊడదు, కింది ఇటుక ముఖాన్ని చర్మంలా పట్టుకుని ఊడుతుంది. సమాధి లోపల పాలరాయి పలకలు, స్నానాలగది టైల్స్ వేయడం కూడా ఇదే బాపతు భక్తి. నేలను మూసేస్తే నేల తడి మొత్తం గోడల్లోకే మళ్లుతుంది.

అయితే ఈ పుణ్యాత్ముడైనా ఏడాదికొకసారి రావాలి కదా. ఇక్కడే అసలు చిక్కు. ఆ పంజాబ్‌లోనే ఏ పీరు దర్గాకైనా వెళ్లండి, రోజూ దీపం, గురువారం జనం, ఏటా ఉరుసు, హుండీ. 1979 వక్ఫ్ ఆస్తుల ఆర్డినెన్సు కింద ఔకాఫ్ శాఖ, అంటే ధర్మాదాయ శాఖ, దాన్ని చేతిలోకి తీసుకుంటుంది, ఎందుకంటే రాబడి ఉంటుంది. సర్దారు పీరు కాడు. ఆయన దగ్గర ఎవరూ మొక్కుకోరు, సంతానం అడగరు. రాబడి లేని సమాధి పురావస్తు శాఖ వాటా. ఆ శాఖ 1975 పురావస్తువుల చట్టం కింద పనిచేసేది. 2010లో పద్దెనిమిదో రాజ్యాంగ సవరణతో ఆ బాధ్యత రాష్ట్రాలకు మారింది, పంజాబ్ 2012లో ఆ చట్టాన్ని తనకు తగ్గట్టు మార్చుకుంది. రక్షిత కట్టడానికి 200 అడుగుల లోపల కొత్త నిర్మాణం కూడదన్న నియమం ఆ చట్టంలోదే. కాగితం మీద మంచి నియమం. ఊరే కోట లోపల పెరిగినప్పుడు, 200 అడుగుల గీత ఎవరి వంటింటి మీదుగా పోతుందో ఆ ఇంటివాళ్లతో మాట్లాడే గుమాస్తా ఉంటే గాని అమలు కాదు.

భాష కూడా అడ్డే. ఆయన పాటలు బలోచీలో ఉన్నాయి, సమాధి చుట్టూ ఉన్నది పంజాబీ. పంజాబ్‌లో స్థిరపడ్డ బలోచ్‌లలో చాలామంది తరతరాల క్రితమే పంజాబీ, సరైకీల్లోకి మారిపోయారు. 1947లో సిక్కులు, హిందువులు వెళ్లిపోయి తూర్పు పంజాబ్ నుంచి కాందిశీకులు వచ్చి స్థిరపడిన జిల్లా అది. వాళ్లకు ఈ గోడ మీద పాత జ్ఞాపకమేమీ ఉండదు, ఉండాలనడం అన్యాయం. ఇక గోగేరా వైపు జనానికి సొంత వీరుడున్నాడు, 1857లో ఆంగ్లేయులతో పోరాడి సెప్టెంబరు 21న చనిపోయిన రాయ్ అహ్మద్ ఖాన్ ఖరల్. చాకర్‌ను తలచుకునేవాళ్లు వందల కిలోమీటర్ల అవతల ఉన్నారు, ఉన్నవాళ్లు ఇంకొకరిని తలచుకుంటున్నారు.

కారెంపూడితో పోల్చి చూడండి. పల్నాటి వీరులూ పీర్లు కారు. అయినా కార్తీక అమావాస్య నుంచి ఐదు రోజులు రాచగావు, రాయబారం, మందపోరు, కోడిపోరు, కల్లిపాడు అని వీరారాధన జరుగుతుంది. పీఠం ఉంది, ఆయుధాలను మోసుకొచ్చే కుటుంబాలున్నాయి, కథ పాడే వీరవిద్యావంతులున్నారు. ఏడాదికి ఐదు రోజులు వేలమంది వస్తారంటే, వాళ్లు రాకముందు ఎవరో ఒకరు గుడికి సున్నం కొడతారు, మొలిచిన మొక్క పీకుతారు. కట్టడ సంరక్షణ అంటే ముప్పాతిక వంతు ఇదే.

సరే, డబ్బు వచ్చింది, పని మొదలుపెట్టాలి. వరస ఇది. మొదటి ఏడాది ఇటుక ముట్టుకోకూడదు. కొలతల చిత్రాలు, ఫోటోలు, పగుళ్ల పటం. ప్రతి పగులు మీదా అడ్డంగా పలచని గాజు పట్టీ పెట్టి రెండు చివర్లా జిప్సంతో అంటించి, తేదీ రాయాలి. నెలకోసారి చూడాలి. గాజు పగిలిందంటే గోడ ఇంకా కదులుతోంది, పునాది సంగతి తేల్చాలి. పగలకపోతే అది చచ్చిన పగులు, నింపితే చాలు. రావి మొక్కను లాగకూడదు, లాగితే పది ఇటుకలు వెంట వస్తాయి. మొదలంటా కోసి, మిగిలిన మోడులో రంధ్రం చేసి కలుపు మందు పోసి, వేరు చచ్చి ఎండేదాకా ఆగి, అప్పుడు తీసి ఆ ఖాళీలో సున్నపు పాలు ఎక్కించాలి.

నీళ్లు రెండో పని. చుట్టూ నేల గోడ నుంచి బయటికి వాలేలా చెక్కాలి. శతాబ్దాలుగా ఊరి నేల పెరిగి గోడను పాతేసి ఉంటే ఆ మట్టిని తీయాలి, కాని పురావస్తు తవ్వకంలా పొరలు చూస్తూ తీయాలి. పక్క ఇళ్ల మురుగు కాలువ గోడ పక్కన పారుతుంటే మళ్లించాలి. ఇది చేయకుండా పై పని ఏది చేసినా డబ్బు బూడిదలో పోసినట్టే.

తర్వాత ఉప్పు. ఇసుక, బంకమట్టి, నానబెట్టిన కాగితపు గుజ్జు, ఉప్పులేని శుద్ధమైన నీటితో ముద్ద చేసి రెండు మూడు సెంటీమీటర్ల మందాన గోడకు పట్టించాలి. తడి లోపలికి వెళ్లి ఉప్పును కరిగిస్తుంది, ముద్ద ఆరుతూ ఉప్పును తనలోకి లాక్కుంటుంది. రెండు నుంచి నాలుగు వారాలకు ఊడదీసి, దాన్ని దూరంగా పారేయాలి, గోడ కిందే పడేస్తే మళ్లీ వానకు అదే గోడలోకి. తీసిన ముద్దలో ఉప్పెంతో కొలిచి, తగ్గేదాకా మూడు నాలుగు సార్లు పెట్టాలి. కూలీలు కుళాయి నీళ్లు పోసేస్తారు, అది చూసుకోవాలి. ఆ ప్రాంతపు బోరు నీళ్లలోనే ఉప్పుంటుంది.

సున్నం సంగతి మన మేస్త్రీలకు చెప్పక్కర్లేదు. డంగు సున్నం అంటే తెలుసు. పంజాబ్‌లో కంకర్, అంటే నేలలో దొరికే సున్నపు గడ్డలు, కాల్చి చేసిన సున్నం వాడేవారు, దానిలోని మట్టి వల్ల అది తడిలోనూ గట్టిపడుతుంది. అది దొరకకపోతే కనీసం మూడు నెలలు నానిన సున్నపు ముద్ద ఒక పాలు, సుర్కీ (దంచిన ఇటుక పొడి) ఒక పాలు, కడిగిన ఇసుక రెండు పాళ్లు. సుర్కీకి బాగా కాలిన ఇటుక పనికిరాదు, కాస్త తక్కువ కాలిన ఇటుక దంచాలి, అప్పుడే సున్నంతో కలిసి బిగుస్తుంది. ఒక్కో పూత 10 మిల్లీమీటర్లు మించకూడదు. తడి గోనెలు కప్పి మూడు నాలుగు వారాలు ఆరనివ్వకూడదు. మే, జూన్‌లలో చేస్తే నీళ్లు ఆవిరై సున్నం పొడిగానే మిగిలిపోతుంది, జనవరి పొగమంచులో చేస్తే బిగియదు. ఫిబ్రవరి చివర నుంచి ఏప్రిల్ మొదటి వారాల వరకు, మళ్లీ అక్టోబరు, నవంబరు. బిల్లులు మాత్రం జూన్ 30న ఆర్థిక సంవత్సరం ముగిసేలోపు పెట్టాలి గనక పనంతా మే నెలలోనే పరుగెడుతుంది. ఆ ఒక్క తేదీ పాకిస్తాన్ కట్టడాలకు చేసిన నష్టం తక్కువ కాదు. మనకు మార్చి 31, అంతే తేడా. (నవ్వులు)

సిమెంటు తీసి సున్నం వేయడం ఎంత పనో చూడాలంటే ఎక్కడికో వెళ్లక్కర్లేదు. మన కుతుబ్‌షాహీ సమాధుల దగ్గర 2013 నుంచి ఆగా ఖాన్ ట్రస్టు చేసిన పని అదే. గుమ్మటాల మీద ఇరవయ్యో శతాబ్దపు సిమెంటు పొరలు గీకి, సున్నపు పూత తిరిగి వేశారు. పదేళ్లు పట్టింది. కుతుబ్‌షాహీ గుమ్మటాలు నిలిచే ఉన్నాయి కాబట్టి వాళ్లకు కొలత దొరికింది.

సభలో నుంచి వచ్చిన ప్రశ్న: సత్‌ఘరాలో గుమ్మటం మళ్లీ కట్టొచ్చా?

కట్టొచ్చు అనేవాళ్లు ఉంటారు, ఫోటోకు బాగుంటుంది కూడా. నా మాట వద్దనే. ఎత్తెంత, మెడ ఎంత, లోపల రంగులున్నాయా, నమ్మదగిన పాత చిత్రం చేతిలో లేకుండా కడితే అది ముల్తాన్ గుమ్మటానికి నకలు అవుతుంది, చాకర్ సమాధి కాదు. ఇంకో భయం బరువు. గుమ్మటం పడ్డాక గోడ నింపుడు ఎంత కదిలిందో తేల్చకుండా వాటి మీద టన్నుల ఇటుక ఎత్తితే గోడలు బయటికి విచ్చుకుంటాయి. ముందు గోడల తలలు మూయాలి. వదులు ఇటుకలు తీసి, రెండు వరుసలు సున్నంలో కట్టి, పైన సున్నపు కాంక్రీటు నాలుగంగుళాలు, లోపలికి కాక బయటికి వాలుగా, చివర రెండంగుళాల చూరు, నీటి బొట్టు గోడ ముఖం మీద జారకుండా కిందపడేలా. లోపల సమాధి మీద ఎండావానా పడకుండా తేలికపాటి కప్పు కావాలంటే గోడలను తాకకుండా విడిగా నిలబడే ఉక్కు స్తంభాల మీద వేయొచ్చు. స్తంభం గుంత తవ్వేటప్పుడు పక్కన ఇంకే సమాధీ లేదని చూసుకోవాలి, అలాంటి చోట్ల నేలలో పేరులేని సమాధులుంటాయి.

ఇంకో ప్రశ్న: వీటన్నిటికీ ఎంతమంది కావాలి?

మరమ్మతుకు ఒక జట్టు, రెండు మూడు సీజన్లు. ఆ తర్వాత ఒక్క మనిషి చాలు, జీతం ఉన్న మనిషి, ఆ ఊరివాడైతే మేలు. వానలకు ముందు జూన్‌లో గోడ తల ఎక్కి మొలకలు తీయాలి, అప్పుడవి వేలితో వస్తాయి. మొదటి వాన రోజున గొడుగేసుకుని చుట్టూ తిరిగి నీరు ఎక్కడ నిలుస్తోందో సుద్దతో గుర్తు పెట్టాలి. నవంబరులో గాజు పట్టీలు చూసి పుస్తకంలో రాయాలి. చలికాలం చివర గోడ పాదం దగ్గర తెల్లగా పూసిన ఉప్పును పొడి కుంచెతో ఊడ్చి, సంచిలో ఎత్తి, ఊరి బయట పారేయాలి. తడి గుడ్డతో తుడవకూడదు, తుడిస్తే మళ్లీ లోపలికి పోతుంది.